ఇసెకాయ్ హీరోని మార్చేది శక్తులు కాదు

జపాన్ అనిమేల్లో, నవలల్లో వచ్చే ఇసెకాయ్ కథల్లో, అంటే మనిషి వేరే లోకంలోకి వెళ్లి పడే కథల్లో, పాత్ర ఎదగడానికి ప్రేరణ ఏమిటి, అక్కడ దొరికే శక్తులేనా అని అడిగారు. నేను చూసినంతలో శక్తులు యుద్ధాలు గెలిపిస్తాయి గానీ మనిషిని మార్చవు. పాత జీవితం నుంచి వెంట వచ్చిన భయమో కోరికో అక్కడ కూడా వదలకపోతేనే మార్పు మొదలవుతుంది.

'ముషోకు టెన్సే'లో రూడియస్ పోయిన జన్మలో 34 ఏళ్ల నిరుద్యోగి, ఇల్లు కదిలేవాడు కాదు. కొత్త జన్మలో చిన్నప్పుడే మంత్రవిద్య పట్టుబడుతుంది, అయినా ఇంటి గేటు దాటాలంటే వణుకు. గురువు రాక్సీ అతణ్ణి గుర్రం ఎక్కించి తీసుకెళ్లిపోతుంది. పిల్లాడు గుర్రానికి భయపడుతున్నాడనే ఆమె అనుకుంటుంది! ఊళ్లో ఎవరూ అతణ్ణి చూసి నవ్వరు. అంతే, ఏళ్ల నాటి భయం సడలుతుంది. ఉద్యోగ పరీక్ష పోయి, "ఇప్పుడేం చేస్తున్నావ్?" అని అడుగుతారని నేను వీధిలోకి వెళ్లడం మానేసిన రోజుల్లో ఆ సీన్ చూశాను. అప్పట్లో మా పిన్ని సంచులు మోయడానికి రమ్మని నన్ను రైతుబజారుకు లాక్కెళ్లేది. నాకు ధైర్యం చెప్పాలని ఆవిడకు తోచనే లేదు, కానీ నాకు పనిచేసింది అదే.

కోరిక విషయానికొస్తే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వర్మ్'. పుస్తకాల పిచ్చి ఉన్న అమ్మాయి భూకంపంలో పుస్తకాల కిందే నలిగి చనిపోయి, పేద సైనికుడి కూతురు మైన్‌గా కళ్లు తెరుస్తుంది. ఒంట్లో ఓపిక లేదు, పుస్తకాలేమో ధనవంతులకే. సరే, తానే చేసుకుందామనుకుంటుంది. మట్టి పలకలు కాలిస్తే పగిలిపోతాయి. చెక్క పలకలు చేస్తే అమ్మ పొయ్యిలో పెట్టేస్తుంది. ఒంటరిగా ఏదీ కాదు కాబట్టి స్నేహితుడు లుట్జ్ సాయం అడగాలి, వ్యాపారితో బేరం నేర్చుకోవాలి. మొదట్లో పుస్తకం తప్ప ఏదీ పట్టని పిల్ల, అలా అడుగుతూ అడుగుతూనే ఆ ఇంటివాళ్లను తనవాళ్లు అనుకోవడం మొదలుపెడుతుంది. ఆమెను మంచిదాన్ని చేయాలని ఎవరూ పూనుకోలేదు, పుస్తకం కావాలన్న పట్టుదలే అంత దూరం నడిపించింది.

శక్తి ఒక్కటే చాలదనడానికి 'రీ:జీరో' చూడండి. హీరో సుబారు చనిపోయిన ప్రతిసారీ కాలం వెనక్కి వెళ్లి మళ్లీ బతుకుతాడు, అయినా చాలాకాలం గొప్పలు పోవడం మానడు. రాజధానిలో అందరి ముందు పరువు పోయాక, ఇంకా ఎన్నో చావుల తర్వాత, అన్నీ వదిలేసి పారిపోదాం రమ్మని, తనను ప్రేమించే రెమ్ అనే అమ్మాయిని బతిమాలతాడు. ఆమె ఒప్పుకోదు. తనంటే తనకే అసహ్యమని అతను చెబుతుంటే, అతనిలో తనకు కనిపించిన మంచిని ఒక్కొక్కటిగా చెబుతుంది. సుబారు నిజంగా మారడం నాకు అక్కడి నుంచే కనిపించింది.