ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలు అలెక్సాతో థర్మోస్టాట్ మార్చుకోగలరా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మానాన్న జగిత్యాల నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతాం. గోడకి నెస్ట్ ఉంది (ఇంట్లో వేడినీ చల్లదనాన్నీ నియంత్రించే గూగుల్ వాళ్ల థర్మోస్టాట్), కింద హాల్లో అలెక్సా స్పీకర్ ఉంది. యాప్ తెరిచి మార్చడం వాళ్లకి కష్టం. మాటతో మార్చుకునేలా చేయొచ్చా? తెలుగులో చెబితే వింటుందా?

జవాబు:

చేయొచ్చండి. మేం మీకు దగ్గర్లోనే, ప్లేనోలో ఉంటాం. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఇదే పద్ధతి. తెలుగులో చెబితే మాత్రం వినదు. అలెక్సా భాషల్లో హిందీ ఉంది గానీ తెలుగు లేదు. అయినా అసలు ఇబ్బంది భాషతో రాదు. కావలసిన నాలుగు ఇంగ్లీష్ ముక్కలు మా అమ్మ తేలిగ్గానే పట్టేసింది. ఇబ్బంది అంతా థర్మోస్టాట్ సెట్టింగుల్లో ఉంటుంది. మనలాంటి ఉద్యోగస్తుల ఇళ్లలో అది పగలు ఎవరూ ఉండరన్న లెక్కమీద నడుస్తూ ఉంటుంది. ఆ లెక్క మార్చకుండా మాటలు నేర్పితే మీ అమ్మగారు ఎంత చక్కగా పలికినా ఫలితం ఉండదు. అందుకని ముందు దాని గురించే చెబుతాను.

ఇంట్లో మనుషులు ఉన్నారా లేరా అన్నది నెస్ట్ రెండు విధాలుగా తేల్చుకుంటుంది. దాని ఎదురుగా ఎవరైనా నడిచారా అన్నది ఒకటి. యాప్ ఉన్న ఫోన్లు ఇంట్లో ఉన్నాయా అన్నది రెండోది. మీ ఇద్దరి ఫోన్లూ మీతో ఆఫీసుకి వచ్చేస్తాయి. అమ్మానాన్నల ఫోన్లలో ఆ యాప్ ఉండదు. వాళ్లు వంటింట్లోనో, తమ గదిలోనో ఉంటే థర్మోస్టాట్ ఉన్న నడవా వైపు గంటల తరబడి రాకపోవచ్చు. దాంతో ఇల్లు ఖాళీ అనుకుని అది కరెంటు ఆదా చేసే ఎకో మోడ్‌లోకి వెళ్లిపోతుంది. ఎకోలో ఉన్నంతసేపూ ఇంత డిగ్రీలు పెట్టమంటే పెట్టదు. ముందు ఎకో తీసేయాలి. అలెక్సా ఆ సంగతి ఇంగ్లీష్‌లో చెబుతుంది, పెద్దవాళ్లకి అది అర్థం కాదు. తామే ఏదో తప్పుగా అన్నామనుకుని ఊరుకుంటారు.

ఈ ఊరుకోవడం గురించి ఒక్క మాట. మా నాన్నగారు మొదటిసారి వచ్చిన చలికాలంలో, పగలంతా శాలువా కప్పుకుని, ఎండ పడే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారట. పక్కింటావిడ చెబితే తెలిసింది. ఆఫీసులో ఉన్న పిల్లకి ఫోన్ చేసి ఇబ్బంది పెట్టడమెందుకని, ఏదైనా నొక్కితే పాడవుతుందేమోనని ఆయన ఆగిపోయారు. మన పెద్దవాళ్లు చాలామంది ఇంతే. పిల్లల ఇంట్లో గోడమీద వస్తువు ముట్టుకోవడానికి మొహమాటపడతారు. మాటతో మార్చుకోవడం వల్ల నాకు కనబడిన అసలు లాభం ఆ మొహమాటం పోవడమే. అందుకే మీరు ఈ ప్రశ్న వాళ్లు రాకముందే అడగడం నాకు చాలా నచ్చింది.

చేయాల్సింది ఏమిటంటే, గూగుల్ హోమ్ యాప్‌లోకి వెళ్లి, మనుషులు లేరనుకుని తనంతట తాను ఎకోకి మారే ఏర్పాటుని వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆపేయండి. నాన్నగారి ఫోన్‌ని కూడా ఇంటి సభ్యుడిగా చేర్చడం ఇంకో దారి. కానీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, లొకేషన్ ఆగిపోయినా మళ్లీ మొదటికొస్తుంది. ఆపేయడమే మేలు. మీది లెర్నింగ్ థర్మోస్టాట్ అయితే అలవాట్లు గమనించి తనే టైమ్‌టేబుల్ రాసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా మారుస్తుంటే ఆ టైమ్‌టేబుల్ గందరగోళం అవుతుంది. దాన్ని కూడా ఆపి, రోజుకి రెండే మార్పులున్న చిన్న షెడ్యూల్ మీరే పెట్టేయండి: పొద్దున లేచే వేళకి ఒకటి, పడుకునే వేళకి ఒకటి.

షెడ్యూల్ ఎందుకు చిన్నదిగా ఉండాలంటే, మాటతో పెట్టిన అంకె శాశ్వతం కాదు. నెస్ట్‌లో అది షెడ్యూల్‌లోని తర్వాతి మార్పు వచ్చేదాకానే నిలుస్తుంది. అమ్మ రెండింటికి 77 (ఇక్కడి ఫారెన్‌హీట్ డిగ్రీలు) పెట్టుకుంటే, నాలుగింటికి మీ పాత షెడ్యూల్ వచ్చి 73కి దించేస్తుంది. ఆవిడకి మాత్రం తను చెప్పింది అది వినలేదనే అనిపిస్తుంది. నెస్ట్ బదులు ఎకోబీ అనే ఇంకో కంపెనీ థర్మోస్టాట్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దాంట్లో పెట్టిన అంకె ఎంతసేపు నిలవాలో సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు: రెండు గంటలా, నాలుగు గంటలా, మళ్లీ మార్చేదాకానా అని. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చివరిదే పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ నెస్ట్ ఏ కాలం నాటిదో చూసుకోండి. పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లకి గోడమీద 2011, 2012 నాటి మొదటి రెండు తరాల నెస్ట్ ఉండొచ్చు. వాటిని 2025 అక్టోబర్ 25 నుంచి యాప్ నుంచి తీసేశారు. గోడ దగ్గర చేత్తో తిప్పితే పనిచేస్తాయి గానీ ఫోన్‌తో, మాటతో పనిచేయవు. మీది అలాంటిదైతే కొత్తది కొనాల్సిందే. కొనేముందు పాతదాని ముందు భాగం లాగి వెనక సి అని రాసి ఉన్న చోట వైర్ ఉందో లేదో చూడండి. థర్మోస్టాట్‌కి ఆగకుండా కరెంటు అందించేది ఆ వైరే. అది లేని ఇళ్లకి కొన్ని ఎకోబీ మోడళ్ల పెట్టెలో ఒక చిన్న పరికరం ఇస్తారు, దాన్ని ఫర్నేస్ (ఇంటిని వెచ్చబరిచే యంత్రం) దగ్గర బిగించాలి.

ఇక మాటల సంగతి. అలెక్సా యాప్‌లో నెస్ట్ స్కిల్‌ని (అలెక్సా మాట నెస్ట్‌కి చేరేలా చేసే ఏర్పాటు) గూగుల్ అకౌంట్‌తో కలపడం పది నిమిషాల పని, యాప్ చెప్పినట్టు చేస్తూ పోవడమే. ఆ తర్వాత స్పీకర్‌నీ థర్మోస్టాట్‌నీ ఒకే గ్రూపులో పెట్టండి. మీది మేడ ఇల్లయి కిందకొకటి, పైకొకటి థర్మోస్టాట్లు ఉంటే ఇది తప్పనిసరి. గ్రూపులో పెడితే ప్రతిసారీ థర్మోస్టాట్ పేరు చెప్పక్కర్లేదు. థర్మోస్టాట్ అన్న మాట మా అమ్మ నోటికి తిరగలేదు. టెంపరేచర్ అన్న మాట మాత్రం జ్వరాలు చూసీ చూసీ ఎప్పుడో అలవాటైంది. కాబట్టి మేం వాడే వాక్యం ఇది: "అలెక్సా, సెట్ టెంపరేచర్ టు సెవెంటీ సెవెన్." పేరు పెట్టాల్సి వస్తే పొట్టిగా, ఇంట్లో ఇంకే లైటుకీ ఫ్యానుకీ లేని పేరు పెట్టండి. లైట్ల గ్రూపు పేరూ థర్మోస్టాట్ పేరూ రెండూ అప్‌స్టెయిర్సే అయితే స్పీకర్ ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేదు.

ఈ వాక్యాల్ని తెలుగు లిపిలో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి స్పీకర్ పక్కన గోడకి అతికించండి. మాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఇదే. మా కాగితం మీద ఉన్నవి మూడే. ఒకటి పైన చెప్పిన వాక్యం. రెండోది, "అలెక్సా, వాట్ ఈజ్ ద టెంపరేచర్ ఇన్‌సైడ్." ఇన్‌సైడ్ అనకపోతే బయట ఎండ ఎంతో చెబుతుంది. మూడోది, అంకెలతో పని లేకుండా, "అలెక్సా, ఐ యామ్ కోల్డ్." ఈ మూడోది దానంతట అది రాదు, యాప్‌లో రొటీన్ అని ఉంటుంది, అందులో మనమే తయారుచేయాలి. ఈ మాట వింటే ఇంత డిగ్రీలు పెట్టు అని రాసేయడమే. ఎండాకాలానికి వేరే అంకె, చలికాలానికి వేరే అంకె కావాలి కాబట్టి సీజన్ మారినప్పుడు రొటీన్ కూడా మార్చండి. మన యాస సరిగ్గా పట్టుకోవట్లేదనిపిస్తే స్పీకర్ భాషని అమెరికా ఇంగ్లీష్ నుంచి ఇండియా ఇంగ్లీష్‌కి మార్చి చూడండి. మా నాన్నగారి విషయంలో తేడా బాగా కనిపించింది.

అంకెల దగ్గర ఓపిక కావాలి. ఇండియాలో మనకి ఏసీ అంటే 24. అక్కడ స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24తో మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది కూడా. ఇక్కడ 75 అనగానే వాళ్లు హడలిపోతారు. సెల్సియస్‌కి మార్చేసే వీలుంది గానీ మేం మార్చలేదు. ఓవెన్ మీదా, టీవీలో వాతావరణంలోనూ ఇక్కడ అంతా ఫారెన్‌హీటే. అన్ని లెక్కలూ వద్దు, నాలుగు చాలు: మన 20 ఇక్కడ 68, మన 22 ఇక్కడ 72, మన 24 ఇక్కడ 75, మన 26 ఇక్కడ 79. అదే కాగితం కింద రాసేయండి.

ఇంకొకటి వాళ్లకి కూర్చోబెట్టి చెప్పాలి. ఊళ్లో స్ప్లిట్ ఏసీ ముందు నిలబడి 18 పెడితే మొహాన చల్లగాలి కొడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్న సెంట్రల్ ఏసీ అలా కాదు. ఆన్ అయితే ఒకే వేగంతో నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. 65 అన్నా 74 అన్నా చల్లబడే వేగం ఒక్కటే, 65 అంటే ఎక్కువసేపు నడుస్తుందంతే. అలాగే కూల్ మోడ్‌లో ఉండగా చలేస్తోందని 78 పెడితే వేడిగాలి రాదు, ఏసీ ఆగుతుంది, ఇల్లు మెల్లగా వెచ్చబడుతుంది. ఈ సంగతి తెలియక, ఏమీ జరగట్లేదని అంకె పెంచుకుంటూ పోతారు. మన డాలస్ వైపు మార్చిలో పొద్దున హీటర్ కావాలి, మధ్యాహ్నం ఏసీ కావాలి. ఆ రోజుల్లో హీట్, కూల్ రెండూ కలిసిన మోడ్‌లో పెట్టి, వాళ్లని మోడ్ మార్చే పని పెట్టుకోవద్దని చెప్పండి.

మీ ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ కాకుండా హీట్ పంప్ ఉంటే చలికాలంలో ఇంకాస్త జాగ్రత్త. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో సుమారు రెండు మూడు యూనిట్ల వేడిని బయటి గాలి నుంచి లోపలికి తెస్తుంది. ఒక్కసారిగా 68 నుంచి 76కి పెంచమంటే అది అందుకోలేదని థర్మోస్టాట్ సహాయక హీటర్‌ని కూడా వేస్తుంది. ఆ హీటర్ కాయిల్స్ ఒక యూనిట్ కరెంటు తింటే ఒక యూనిట్ వేడే ఇస్తాయి, బిల్లు పెరిగేది అక్కడే. కాబట్టి చలికాలం రొటీన్‌లో 72కి మించి పెట్టకండి. అసలు పగలు 70 కంటే కింద పడనివ్వకపోతే పెంచమని అడగాల్సిన అవసరమే తక్కువ వస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు ఏడు నుంచి పది డిగ్రీలు వెనక్కి తీస్తే ఏడాదిలో పది శాతం దాకా ఆదా అని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది, నిజమే. కానీ అది ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడో, అందరూ నిద్రపోతున్నప్పుడో చేసుకునే పని. డెబ్బై ఏళ్ల మనిషి ఇంట్లో కూర్చుని ఉండగా చేసే ఆదా కాదు.

ఇన్ని చెప్పాక కూడా, నన్నడిగితే స్పీకర్ కంటే ముందు గదిలో ఎంత వేడి ఉందో చూసి థర్మోస్టాట్‌కి చెప్పే ఒక సెన్సర్ కొనమంటాను. థర్మోస్టాట్ తను ఉన్న నడవాలో ఎంత ఉందో చూసుకుంటుంది, అమ్మానాన్నలు పడుకునే గదిలో ఎంత ఉందో దానికి తెలియదు. మా ఇంట్లో ఉత్తరం వైపు కింది గది ఎప్పుడూ నడవా కంటే చల్లగా ఉంటుంది. ఆ గదిలో సెన్సర్ పెట్టి, రాత్రి పూట దాని లెక్కే తీసుకోమని చెప్పాక, అర్ధరాత్రి లేచి మాటతో మార్చుకునే పని దాదాపు లేకుండా పోయింది. ఎకోబీకీ, నెస్ట్ లెర్నింగ్ మూడో తరానికీ నాలుగో తరానికీ ఇవి ఉన్నాయి. 2020లో వచ్చిన చవక నెస్ట్‌కి మాత్రం పనిచేయవు, కొనేముందు చూసుకోండి.

వాళ్లు దిగిన మొదటి రెండు రోజుల్లోనే గోడ దగ్గర చేత్తో ఎలా తిప్పాలో నాన్నగారితో చేయించండి. ఇంటర్నెట్ పోతే స్పీకర్ పనిచేయదు, గోడమీది డయల్ పనిచేస్తుంది. ఎటు తిప్పినా ఏమీ పాడవదని నోటితో చెప్పండి, ఆ మాట వినడం వాళ్లకి అవసరం. స్పీకర్ మీద మైక్ ఆపే బటన్ కూడా చూపించండి. ఇంట్లో మాటలన్నీ అది వింటోందేమో అని మా అమ్మకి బెంగగా ఉండేది. ఎర్ర లైటు వెలిగితే వినదని తెలిశాక, ఊరి వాళ్లతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు తనే ఆపుకునేది.

చివరగా మీ కరెంటు కంపెనీ అకౌంట్ ఒకసారి చూడండి. టెక్సస్‌లో కొన్ని ప్లాన్లు, రిబేట్లు తీసుకున్నప్పుడు, ఎండ తీవ్రంగా ఉన్న సాయంత్రాలు థర్మోస్టాట్‌ని వాళ్లే కొన్ని డిగ్రీలు పెంచుకోవడానికి మన చేత ఒప్పించుకుంటారు. 2021 జూన్‌లో ఇలా ఇళ్లు వేడెక్కడం మీద ఇక్కడ వార్తల్లో బాగా చర్చ జరిగింది. మామూలుగా అయితే మళ్లీ తగ్గించుకోవచ్చు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు ఆ గొడవ వద్దు. మీరు అందులో చేరి ఉంటే, వాళ్లు తిరిగి వెళ్లేదాకా బయటికి వచ్చేయండి.