క్యాంపులో 14 మందికి చూస్తే ఆరుగురికి షుగర్.. ఊళ్లో సగం ఆడవాళ్లకు ఉన్నట్టేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 52 ఏళ్లు, డ్వాక్రా సంఘం లీడర్‌ని. మా ఊరి సంఘాల్లో 45 దాటినవాళ్లం 31 మందిమి ఉన్నాం. పోయిన నెల షుగర్ క్యాంపు పెడితే 14 మందిమి వెళ్లాం. పొద్దున పదకొండు గంటలకు, టిఫిన్ తిన్నాక, వేలికి గుచ్చి చూశారు. ఇద్దరు ఎప్పటినుంచో మాత్రలు వాడుతున్నారు. ఒకామెకు 268 వచ్చింది. ఆమె రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తోంది, దాహం ఎక్కువ. ఇంకో ముగ్గురికి 148, 156, 171. ఆ 156 నాదే. మొత్తం ఆరుగురికి షుగర్ అన్నారు. క్యాంపుకు రానివాళ్లలోనూ ఇద్దరు మాత్రలు మింగుతున్నారు. మా వయసు ఆడవాళ్లలో సగం మందికి షుగర్ వచ్చేసినట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, లెక్క తర్వాత చూద్దాం. ముందు ఆ 268 వచ్చినామెను రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. దాహం, పదేపదే మూత్రం ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా 200 దాటిందంటే అది షుగర్ జబ్బే. నెల రోజులు ఇప్పటికే పోయాయి, ఇంకో పరీక్ష కోసం ఆగొద్దు.

మీ 156 సంగతి వేరు. టిఫిన్ తిన్న గంటా రెండు గంటల్లో వేలికి గుచ్చి చూస్తే ఆ మాత్రం కనిపించవచ్చు. దాన్నిబట్టి జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మీరు ముగ్గురూ రాత్రి భోజనం చేశాక ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, టీ కూడా తాగకుండా, పొద్దున్నే ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. 100 లోపు ఉంటే మంచిదే. 100 నుంచి 125 వస్తే హద్దు మీద ఉన్నట్టు. 126, ఆపైన వస్తే మరో రోజు మళ్లీ చూసి ఖాయం చేస్తారు.

ఇక మీ లెక్క. క్యాంపుకు ఎవరు వస్తారో మీకు నాకంటే బాగా తెలుసు. అరికాళ్లు మంటలు పుడుతున్నామె, అమ్మకో అక్కకో షుగర్ ఉండి భయపడుతున్నామె ముందుగా వస్తారు. ఒంట్లో ఏ బాధా లేనామె ఆ పూట పొలానికి పోతుంది. ఇప్పటికే మాత్రలు మింగేవాళ్లలో కొందరు 'నాది తెలిసిందేగా' అని ఇంట్లోనే ఉంటారు. కాబట్టి 14లో 6 అనేది క్యాంపు లెక్క, ఊరి లెక్క కాదు. మీ 31 మందిలో ఈరోజుకు ఖాయంగా చెప్పగలిగింది ఐదుగురి సంగతే: మాత్రలు వాడుతున్న నలుగురు, ఆ 268 ఆమె. మీరు ముగ్గురు ఇంకా తేలాలి. క్యాంపుకు రానివాళ్లలో మిగిలిన 15 మందికి అసలు పరీక్షే జరగలేదు.

పెద్ద సర్వేల అంకెలు కూడా ఇలాగే జాగ్రత్తగా చదవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 19.5 శాతం మందికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది. అయితే అక్కడా ఏ వేళకు వెళితే ఆ వేళకు వేలికి గుచ్చి చూసిందే. 140 దాటినా, మాత్రలు వాడుతున్నా లెక్కలో వేశారు. మీ 156 కూడా అందులో పడేది. ఐసీఎంఆర్ దేశమంతా చేసి 2023లో వెల్లడించిన అధ్యయనంలో 20 ఏళ్లు దాటినవాళ్లలో 11.4 శాతం అని తేలింది. అందులో పాతికేళ్లవాళ్లూ ఉన్నారు కాబట్టి సగటు తగ్గింది. మీ వయసుకు దగ్గరగా ఉన్నది 2017-19లో 45 ఏళ్లు దాటినవాళ్లపై చేసిన సర్వే. దాన్లో మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ చేశారు. ఆడవాళ్లలో 20.1 శాతం, మగవాళ్లలో 19.6 శాతం మందికి షుగర్ తేలింది. పట్నాల్లో పల్లెలకు రెండింతలు. (రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ మూడు నెలల పరీక్ష తప్పు చూపవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి దాంతోపాటు పరగడుపు పరీక్ష కూడా చేయించుకోమంటాను.)

అంటే మీ వయసులో దేశం మొత్తం మీద ఐదుగురిలో ఒకరికి. సగం మందికి కాదు. అయినా అది తక్కువేం కాదమ్మా. నన్ను బాధపెట్టే అంకె ఆ సర్వేలోనే ఇంకొకటి ఉంది. షుగర్ ఉన్న ప్రతి ఐదుగురిలో ఇద్దరికి అది ఉన్నట్టే తెలియదు. మా ఓపీలో రోజూ చూస్తుంటాను. భర్తకు తోడుగా వచ్చి, చీటీ పట్టుకుని పక్కన నిలబడే ఆడమనిషిని 'మీరెప్పుడు చూపించుకున్నారమ్మా' అని అడిగితే, కాన్పప్పుడు అంటుంది. ఆ కాన్పుకు పాతికేళ్లు దాటి ఉంటాయి.

అందుకే క్యాంపుకు రానివాళ్లే నాకు ముఖ్యం. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గినవాళ్లను, నడుము 80 సెంటీమీటర్లు, అంటే 31, 32 అంగుళాలు దాటినవాళ్లను, తల్లిదండ్రుల్లో ఎవరికైనా షుగర్ ఉన్నవాళ్లను ముందు పిలవండి. బహిష్టులు ఆగాక పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, అదీ ఒక కారణమే. అన్నం మానేయాలా అని చాలామంది అడుగుతారు. నెల్లూరులో పుట్టినవాళ్లను అన్నం మానేయమని నేను చెప్పను. పళ్లెంలో సగం కూర, పప్పు ఉండేలా చూసుకుని అన్నం తగ్గించండి, రోజూ అరగంట నడవండి.

మీరు లీడర్ కాబట్టి ఒక పని చేయగలరు. సంఘం పుస్తకంలో 31 పేర్లూ రాయండి. ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో మాట్లాడండి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ చూడటం వాళ్ల పనిలో భాగమే. అందరికీ ఒకే రకంగా, పరగడుపున చూడమనండి. మాత్రలు వాడేవాళ్లకు ఎంత వచ్చినా షుగర్ ఉన్నట్టే రాయాలి, 95 వచ్చిందని లెక్కలోంచి తీసేయకూడదు. 31 మందిలో ఆరుగురికి తేలినా దాన్ని మండలమంతటికీ అంటగట్టవద్దు. అంత చిన్న గుంపును చూసి చెబితే అసలు సంఖ్య పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మీ సంఘానికి మాత్రం అదే పక్కా లెక్క. ఇంకా పరీక్ష జరగని ఆ 15 మంది పేర్లూ పుస్తకంలో అన్నిటికంటే పైన రాయండి.