ఉబ్బిన సిర ఎర్రబడి గట్టిపడింది... ఇది వాపా, రక్తం గడ్డా?

ప్రశ్న: నా వయసు 46. చాలా ఏళ్లుగా ఎడమ కాలికి వెరికోస్ వీన్స్ ఉన్నాయి. నాలుగు రోజుల నుంచి మోకాలి కింద ఒక సిర ఎర్రబడి, తాడులా గట్టిపడింది. ముట్టుకుంటే నొప్పి. ఒకరు ఇన్‌ఫెక్షన్ అంటున్నారు, మరొకరు రక్తం గడ్డకట్టిందంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది సూపర్‌ఫీషియల్ థ్రాంబోఫ్లెబైటిస్ కావచ్చు. అంటే చర్మం కిందే ఉన్న సిరలో రక్తం గడ్డకట్టి, సిర గోడ కూడా వాచిందన్నమాట. ఎర్రగా, వేడిగా ఉన్నా సాధారణంగా ఇది ఇన్‌ఫెక్షన్ కాదు. సొంతంగా యాంటీబయాటిక్స్ కొని వాడకండి.

దీనికి మూలం బహుశా మీ పాత సమస్యే. సిరల గోడలు వదులై, లోపలి కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. సాయంత్రానికి కాలు బరువెక్కడం, ఎత్తులో పెట్టుకుంటే తేలికపడటం, చీలమండ దగ్గర చర్మం నల్లబడటం దాని లక్షణాలు. అదంతా ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే వ్యవహారం. నాలుగు రోజుల్లో సిర ఇలా మారిందంటే కొత్తగా ఏదో జరిగినట్టే.

మా అసలు భయం లోతైన సిరల గురించి. అక్కడ గడ్డకడితే పైకి ఎర్రటి గీత కూడా కనిపించకపోవచ్చు. పిక్క మొత్తం, ఒక్కోసారి తొడ దాకా వాస్తుంది. రెండు పిక్కలనూ ఒకే ఎత్తులో టేపుతో కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు మించితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తేడా లేదని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. పాదం పైకి వంచితే పిక్క నొప్పి పుడుతుందా అని చూసే పాత పరీక్షను నేనైతే లెక్కలోకి తీసుకోను.

తేల్చేది డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్. ఒకటి రెండు రోజుల్లో చేయించుకోండి. గడ్డ ఆనవాళ్లను వెతికే డి-డైమర్ రక్తపరీక్ష మీకు పెద్దగా ఉపయోగపడదు, వాపు ఉన్నా రక్తంలో డి-డైమర్ స్థాయి పెరుగుతుంది. గడ్డ పొడవు 5 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే సాధారణంగా సుమారు 45 రోజులు రక్తం పలచబరిచే మందు ఇస్తారు. గజ్జల్లో లోతైన సిరతో కలిసేచోటికి 3 సెంటీమీటర్ల లోపే ఉంటే లోతైన సిరలో గడ్డకు చేసే చికిత్సే చేస్తారు. చిన్నదైతే నొప్పి మందు, రోజూ నడక చాలు. మసాజ్ మాత్రం వద్దు.

ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, దగ్గితే రక్తం పడినా స్కాన్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.