ఏడుపు కాస్త చాలమ్మా

విజయవాడ

చి. అమ్మడికి ఆశీస్సులు.

నీ కూచిపూడి నాట్యానికి నువ్వు పంపిన వరస చూశాను. క్షేత్రయ్య కళాక్షేత్రంలో గంట ప్రోగ్రాం, స్త్రీ కష్టం నుంచి ఆనందం దాకా. బాగుంది. కానీ అందులో ముప్పావు గంట ఏడుపే! చివర్లో కృష్ణుడొచ్చి చెయ్యి అందించడం, మంగళం. అప్పటికి జనం సగంమంది బస్సు టైం చూసుకుంటూ ఉంటారు.

ద్రౌపదిని తీసెయ్, అందరూ చేసేదే. తరిగొండ వెంగమాంబను పెట్టు. 1730లో పుట్టిన మనిషి. చిన్నప్పుడే భర్త పోతే బొట్టు తియ్యనంది, జుట్టు తీయించుకోనంది, వేంకటేశ్వరుడే నా భర్త అందిట. ఊరు ఊరుకుంటుందా? తిరుమల చేరింది, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఏకాంత సేవలో ముత్యాల హారతి ఈనాటికీ ఆవిడ పేరు మీదే. కొండ మీద అన్నప్రసాదం పెట్టే చోటికీ ఆవిడ పేరే. ఎవరో వచ్చి కన్నీళ్ళు తుడిచిన కథ కాదిది, రాసుకుంటూ రాసుకుంటూ తేరుకున్న మనిషి కథ.

అందుకని నీ కష్టమంతా ఆ రాసే ఘట్టం మీద పెట్టు. ముఖారి రాగంలో దుఃఖం అయ్యాక వెంటనే మోహన రాగంలోకి దూకకు. మృదంగం ఆపించు, తంబూరా ఒక్కటే ఉండనీ. ఎడమచేతి పతాకం ముద్ర తాటాకు, కుడిచేతి హంసాస్యం ముద్ర ఆకు మీద రాసే గంటం. మొదటి పంక్తికి వేళ్ళు వణకాలి, చూపు ఆకు మీదే ఉండాలి. రెండో పంక్తికి చెయ్యి నిలవాలి. మూడోదానికి కళ్ళు పైకి లేవాలి, పెదవి మాత్రం కదలకూడదు. నవ్వు ఆఖర్న, హారతి దగ్గర, మధ్యమావతిలో రావాలి. భామాకలాపంలో సత్యభామ ఉత్తరం రాసే తీరు నీకు బాగా వచ్చుగానీ, భామ చేతిలో గీర ఉంటుంది. అది ఇక్కడ కనపడిందో, మొత్తం పోయినట్టే.

పళ్ళెం మీద నిలబడి ఆడే తరంగం వద్దు. మీ అమ్మావాళ్ళు అడుగుతారు, తెలుసు. అయినా వద్దు, జనం పాదాలే చూస్తారు. దుఃఖానికి నీలం లైటు, సంతోషానికి పసుపు లైటు వేసే ఆ సినిమా వేషాలు కూడా మానెయ్.

రికార్డింగ్‌తో ఈ ఘట్టం నడవదు. నువ్వు ఆగినచోట పాట ఆగాలి కదా! ఘంటసాల సంగీత కళాశాలలో చదువుకున్న పిల్లల్లో పాడేవాళ్ళని చూడు. డబ్బుల టెన్షన్ ఉంటే నగలూ పూలూ తగ్గించుకో, వెంగమాంబకి అవెందుకు?

ఆదివారం పొద్దున్నే రా. గజ్జెలు తేవద్దు, కూర్చుని ముఖంతోనే చేద్దాం.

మీ టీచర్