ఇన్వెస్టర్ చెబితే డిజైన్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఒక యాప్ స్టార్టప్ పెట్టాం. డిజైన్ బాధ్యత నాది. ఒక ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ టర్మ్ షీట్ (పెట్టుబడి ముఖ్య షరతుల పత్రం) పంపింది. డిజైన్ టీమ్‌ను తగ్గించి ఆ డబ్బు సేల్స్‌కు పెట్టమంటున్నారు. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకునే బటన్ సులువుగా కనిపించకుండా చేయమని కూడా అడుగుతున్నారు. సంతకం చేశాక వాళ్ల మాట వినక తప్పదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వాటా కొన్నంత మాత్రాన మీ స్క్రీన్ మీద ఏది ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు ఎవరికీ రాదండీ. కంపెనీని నడిపేది బోర్డు, మేనేజ్‌మెంట్. ఇన్వెస్టర్‌కు అంతకు మించిన అధికారం మీరు సంతకం పెట్టే షేర్‌హోల్డర్ల ఒప్పందంతోనే వస్తుంది.

అందులో ‘రిజర్వ్‌డ్ మేటర్స్’ జాబితా చూడండి. ఇన్వెస్టర్ అనుమతి లేకుండా చేయకూడని పనులు అక్కడ ఉంటాయి. ‘డిజైన్’ అన్న మాట సాధారణంగా కనిపించదు. వార్షిక బడ్జెట్, బిజినెస్ ప్లాన్‌లో మార్పు, ఫలానా జీతం దాటిన నియామకాలు అని ఉంటుంది. మంచి డిజైనర్‌ను తీసుకోవాలన్నా, యూజర్ రీసెర్చ్‌కు ఖర్చు పెట్టాలన్నా ఈ గుమ్మాలు దాటాల్సిందే. చాలామంది ఫౌండర్లు వాల్యుయేషన్ (కంపెనీకి కట్టిన విలువ) అంకె దగ్గరే ఆగిపోయి ఈ పేజీ సరిగ్గా చదవరు. అది చూస్తే నాకు బాధేస్తుంది. మొత్తం బడ్జెట్‌కు అనుమతి అడగడం న్యాయమే, ఒప్పుకోండి. ఆ మొత్తంలో ఏ టీమ్‌కు ఎంత అన్నది మేనేజ్‌మెంట్ నిర్ణయమనీ, ఫీచర్లు, డిజైన్ రోజువారీ వ్యాపారంలో భాగమనీ స్పష్టంగా రాయించండి. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్న షరతూ పెట్టించండి.

డబ్బు విడతలుగా ఇస్తారా? యూజర్ల సంఖ్య పెరిగితేనే రెండో విడత అంటే, వీటో లేకపోయినా డిజైన్ ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లతో పాటు నిలిచి ఉన్నవాళ్లనూ లెక్కలోకి తీసుకోమని అడగండి.

రద్దు బటన్ విషయంలో మాత్రం బేరం వద్దు. భారత్‌లో 2023 నాటి మార్గదర్శకాలు గుర్తించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (యూజర్లను తప్పుదోవ పట్టించే డిజైన్ ఎత్తుగడల్లో) ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’, అంటే రద్దును కష్టం చేయడం, ఒకటి. యూరప్‌లోనూ ఇలాంటి మోసపు డిజైన్‌పై నిషేధం ఉంది. అమెరికాలో తికమక పెట్టే బటన్లతో కొనిపించిందన్న కేసులో ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. చర్య వస్తే ముందు నోటీసు అందేది కంపెనీకి, సలహా ఇచ్చిన ఫండ్‌కు కాదు. మీ అభ్యంతరాన్ని ఈమెయిల్‌లో రాసి పంపండి. రేపు బోర్డులో ఇదే మాట వస్తే మినిట్స్‌లో (సమావేశ రికార్డులో) రాయించండి. వాళ్లు నామినేట్ చేసిన డైరెక్టర్ అయినా సరే, బోర్డులో కూర్చున్నాక కంపెనీ మేలే చూడాలి.

టర్మ్ షీట్‌లో గోప్యత, ఈలోగా వేరే ఇన్వెస్టర్లతో పెట్టుబడి చర్చలు జరపకూడదన్న షరతు వంటివి తప్ప మిగతావి సాధారణంగా కట్టుబడాల్సినవి కావు. కాబట్టి ఈ మార్పులన్నీ ఇప్పుడే అడగండి.