అల్లుడి డబ్బాల వేట గురించి పెద్దమ్మ ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ మాటలు సగం కుక్కర్ విజిల్లో కొట్టుకుపోయాయి, మిగతా సగం ఏడుపులో పోయాయి. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. అల్లుడికి జియోక్యాషింగ్ పట్టుకుంది. ఆదివారం వస్తే ఇంట్లో ఉండటం లేదు. ఇప్పుడు తనే ఒక డబ్బా దాస్తానని కొండవీడు కోట మీద కన్నేశాడు. మీ అత్తగారేమో కొడుకు గుప్తనిధుల ముఠాలో చేరాడని బెంగ పెట్టుకున్నారు. ఇంతేనా?

మీ పెదనాన్నకి ఇది పట్టుకుని చాలా ఏళ్లయింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఫోన్లో చెప్తే ఆయన పక్కనే కూర్చుని ప్రతి మాటకీ సవరణలు చెప్తారు. అందుకే ఉత్తరం.

ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పు. ఇందులో నిధీ లేదు, డబ్బూ లేదు. మూత బిగుతుగా పట్టే డబ్బాలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైట్లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి, వెతికి పట్టుకుని, పుస్తకంలో తమ మారుపేరు రాసి, డబ్బాని ఉన్నచోటే పెట్టేసి వస్తారు. పెద్ద డబ్బా అయితే చిన్న చిన్న బొమ్మలు కూడా ఉంటాయి. ఒకటి తీసుకుంటే దానికి తగ్గని వస్తువు ఇంకొకటి పెట్టాలి. నేను దగ్గరుండి చూసిన మొదటిది పాతకాలం కెమెరా ఫిల్మ్ డబ్బా. లోపల వేలెడంత కాగితం చుట్ట, తేమకి ఉబ్బిపోయి బయటికి రానంటోంది. మీ పెదనాన్న జేబులోంచి ట్వీజర్స్ తీశారు. నావే, కనుబొమ్మలవి. ఊపిరి బిగబట్టి లాగి, మోకాలి మీద పరిచి, పేరు రాసి, మళ్లీ బీడీ చుట్టినంత పొందిగ్గా చుట్టి లోపల పెట్టారు. ఇంట్లో కరెంటు బిల్లు ఆయన చేత ఏనాడూ అంత శ్రద్ధగా మడత పడలేదు.

దీని పుట్టుక వింటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. జీపీఎస్ అమెరికా సైన్యానిది కదా, మామూలు జనానికి కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చేవాళ్లట. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ తప్పు తీసేశారు. తేడా పది, ఇరవై మీటర్లకి పడిపోయింది. ఒక్కరోజు ఆగకుండా, మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్ని సగం భూమిలో పాతి, పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ టిన్నూ అందులో పెట్టి, వెతుక్కోండని ఇంటర్నెట్‌లో రాశాడు. ఇప్పుడు ఈ ఆట రూల్స్ ప్రకారం స్థలం యజమాని ఒప్పుకోకుండా నేల తవ్వి డబ్బా పాతకూడదు, తినేవి పెట్టకూడదు. అంటే మూలపురుషుడి డబ్బాకే ఇవాళ పర్మిషన్ రాదు. ఈ ముక్క అల్లుడి ముందు అను, మొహం ఎలా పెడతాడో చూడు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ముప్ఫై లక్షలకి పైగా డబ్బాలు ఉన్నాయంటారు. అంతరిక్ష కేంద్రంలో కూడా ఒకటి పెట్టి వచ్చారు 2008లో.

నీకు ఇది నచ్చి తీరాలని ఎవరైనా అంటే వినకు. నాకు ఇప్పటికీ నచ్చలేదు. "నువ్వూ ఆడు, సరదాగా ఉంటుంది" అని బలవంతం చేస్తే నవ్వి ఊరుకో. కానీ నచ్చని మనిషి ఇంట్లో ఒకరుండటం ఆ ఆటకి చాలా అవసరం. ఫోన్లో దారి చూపే బాణం గుర్తు కనపడగానే వాళ్లకి లోకం కనపడదు. అది ఎవరి స్థలం, ఆ గోడ అవతల ఏముంది, టైమ్ ఎంతయింది, ఇవన్నీ అడగాల్సింది మనమే. దెబ్బలాడొద్దు. అడుగు. మొహమాటం లేకుండా, బయల్దేరక ముందే అడుగు.

ఇప్పుడు కొండవీడు సంగతి. వద్దని చెప్పు. ఎందుకో కూడా చెప్పు, లేకపోతే పెద్దమ్మ చాదస్తం అనుకుంటాడు. తను ఒక్క రాయి సందులో పెట్టి జాగ్రత్తగా వచ్చేస్తాడు, నిజమే. వెతకడానికి వచ్చేవాళ్లకి ఏ రాయో తెలియదు కదా. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. అంత మేరా వచ్చినవాడల్లా ప్రతి రాయీ కదిపి చూస్తాడు. రెడ్డిరాజుల కాలం నుంచి నిలబడిన గోడకి ఆ ఖర్మ ఎందుకు? రెండోది, మన వైపు పాత కోటల్లో, గుళ్లల్లో నిధుల కోసం తవ్వే దొంగలు ఎప్పుడూ పట్టుబడుతూనే ఉంటారు. ఊళ్లోవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు. కొత్త మనిషి సాయంత్రం పూట ఫోన్ పట్టుకుని కోట గోడ తడుముతుంటే "ట్రెజర్ హంట్ అండీ" అని ఇంగ్లీషులో చెప్పడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మన దేశంలో నిధుల మీద 1878 నుంచీ చట్టం ఉంది. ఊళ్లోవాళ్లు ముందు నాలుగు తగిలించి, ఆ తర్వాత పోలీసులకి అప్పగిస్తారు.

ఉండవల్లి గుహల మీద మనసు పడితే దానికీ ఒప్పుకోకు, అది కేంద్ర పురావస్తు శాఖ వాళ్లది. కానీ ఒక దారి ఉంది. వాళ్ల ఆటలో రెండు మూడు మజిలీలు ఉండే రకం ఒకటుంది. గుహల దగ్గర ఏమీ పెట్టకుండా, పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూసి, అక్కడి బోర్డు మీది అంకెలు లెక్క కట్టమనొచ్చు. ఆ లెక్కతో వచ్చే చోటు వేరే. అక్కడ డబ్బా పెట్టుకోవచ్చు, ఆ స్థలం యజమాని సరేనంటే. స్నేహితుడి షాపు ముందు పూలకుండీ అయినా చాలు. వచ్చినవాళ్లు గుహలూ చూస్తారు, గుహలకి ఏమీ కాదు. పక్కన ఇంకొకరి డబ్బా ఉంటే కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. ఇవన్నీ చూసి ఒప్పుకోవడానికి వాళ్లలోనే వాలంటీర్లు ఉంటారు. వాళ్లు కాదంటే కాదు.

ఊళ్లో అయితే ఇంకో భయం. రైల్వే స్టేషన్, బస్టాండ్, ప్రకాశం బ్యారేజీ, దుర్గ గుడి మెట్లు, కృష్ణ ఘాట్లు, ఇలాంటి చోట్ల ఎవరూ గమనించని డబ్బా ఒకటి కనపడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2011లో ఇంగ్లండ్‌లో వెదర్బీ అనే ఊళ్లో ఒక కాఫీ హోటల్ బయట దాచిన చిన్న డబ్బా చూసి బాంబు అనుకుని, సైన్యాన్ని పిలిపించి పేల్చేశారు. రోడ్లన్నీ మూసేసి, జనాన్ని ఖాళీ చేయించి, అంత గొడవా ఒక నోట్‌బుక్ కోసం. కాబట్టి లోపల ఏముందో కనపడే డబ్బా, పైన పెద్ద అక్షరాలతో ఇది ఏమిటో రాసిన లేబుల్, జనం రద్దీ లేని చోటు. ఎవరైనా పోలీసాయన అడిగితే కట్టుకథలు వద్దు. ఫోన్లో యాప్ తెరిచి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పమను.

ఇది చెప్తే నీకు కోపం వస్తుందేమో గానీ చెప్తాను. "రావే, సరదాగా అలా తిరిగొద్దాం" అని అల్లుడు పిలిస్తే మురిసిపోకు. మగవాడు ఒక్కడే పార్కు బెంచీ చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి, కింద చెయ్యి పెట్టి తడిమితే టీ కొట్టువాడు కూడా అనుమానంగా చూస్తాడు. పక్కన భార్య ఉంటే ఎవరూ పట్టించుకోరు. మనల్ని తీసుకెళ్లేది సగం ఆ కాపలా కోసమే. నేను కాపలాకి వెళ్తే రేటు ముందే మాట్లాడుకుంటాను, తిరిగొచ్చేటప్పుడు టిఫిన్, నేను చెప్పిన హోటల్లో. లేడీస్ హాస్టళ్లు, స్కూలు గోడలు ఉన్న వీధుల్లో మాత్రం, తోడు ఉన్నా సరే, ఆగొద్దని చెప్పు. మా గుంటూరులో హాస్టల్ లేని వీధి ఏదీ అంటావేమో. అయితే ఆ వీధి మానుకోమను.

బయల్దేరే ముందు ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకో: "టెర్రెయిన్ ఎంత?" ప్రతి డబ్బాకీ రెండు అంకెలు ఉంటాయి, ఒకటి నుంచి అయిదు దాకా. ఒకటి వెతకడం ఎంత కష్టమో, రెండోది దారి ఎంత కష్టమో చెప్తుంది. దారి అంకె ఒకటైతే చక్రాల కుర్చీలో కూడా వెళ్లొచ్చు, అత్తగారిని తీసుకెళ్లు. అయిదంటే తాళ్లో, పడవో కావాలి. నాలుగూ అయిదూ ఒంటరిగా వద్దు. మే నెలలో మూడు కూడా వద్దు. రోహిణి కార్తెలో కొండ ఎక్కి దిగి, వడదెబ్బతో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటే డబ్బా పరామర్శకి రాదు. వానాకాలం పాముల సంగతి ఇంకా గట్టిగా చెప్పు. రక్తపింజర, కట్లపాము మన జిల్లాల్లో ఎంతెంత ఉన్నాయో నీకు తెలుసు. రాళ్ల సందులోకి, చెట్టు తొర్రలోకి వట్టి చెయ్యి పెట్టకూడదు. ముందు టార్చి, తర్వాత కర్ర, అప్పుడు చెయ్యి. మీ పెదనాన్న బ్యాగులో ఈ రెండూ లేకపోతే నేను గేటు తీయను.

ఈ ఆట ఆడే మనుషుల గురించి అడిగావు. "ఎవరో ఏమిటో తెలియని వాళ్లతో స్నేహాలేంటి పెద్దమ్మా" అన్నావు. నాదీ అదే అనుమానం. ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. ఎండలో అరపూట తిరిగి వెతికినవాడు చివరికి "టీఎఫ్‌టీసీ" అని నాలుగక్షరాలు కొడతాడు, డబ్బా పెట్టినందుకు థాంక్స్ అని దాని అర్థమట. కొత్త డబ్బా పడితే ముందు నేనే చేరాలని అర్ధరాత్రి బండి తీసేవాళ్లున్నారు. కొందరికి లెక్కే ముఖ్యం, ఎన్ని దొరికాయి, ఎన్ని దేశాలు అయ్యాయి అని. మన వైపు డబ్బాలు తక్కువ కాబట్టి, విదేశాల నుంచి సెలవుల్లో వచ్చినవాళ్లు ఒకటి దాచి, విమానం ఎక్కేసి, "మీరు కాస్త చూస్తుండండి" అని ఇక్కడివాళ్ల నెత్తిన పెడతారు. దగ్గర్లో చూసుకునే మనిషి ఉంటేనే వాలంటీర్లు ఒప్పుకుంటారు మరి. అలా మా ఇంటికి ఒక డబ్బా దత్తత వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీళ్లల్లో మునిగింది, మా ఆడపడుచు వాళ్లు పై అంతస్తులో ఇరుక్కుపోయారు, జనానికి డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడుస్తున్నారు. ఆ టైమ్‌లో ఆ డబ్బా యజమాని ఎక్కడో దేశం నుంచి మెసేజ్ పెట్టాడు, డబ్బా క్షేమమేనా అని. మనుషులు ఎలా ఉన్నారని ఒక్క ముక్క లేదు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

అదే గుంపులో ఇంకో కుర్రాడు. మాకు మొహం కూడా తెలియదు, మారుపేరు ఒక్కటే తెలుసు. మీ పెదనాన్న గ్రూపులో ఆడపడుచు వాళ్ల వీధి పేరు పెట్టారు. మర్నాడు ఆ కుర్రాడు నడుంలోతు నీళ్లల్లో మంచినీళ్ల టిన్ను భుజాన పెట్టుకుని ఆ ఇంటి దాకా వెళ్లాడు, బీపీ మాత్రలతో సహా. పేరు అడిగితే నవ్వి వెళ్లిపోయాడట. కాబట్టి అందరినీ ఒక్క గాటన కట్టకు. ఇంటికి పిలిచే ముందు మాత్రం ఒకసారి బయట, హోటల్లో కలవమను. వాళ్లు అలాంటి కలయికలు పెట్టుకుంటూనే ఉంటారు, నువ్వూ వెళ్లు. అరగంట కూర్చుంటే ఎవరు ఎలాంటివాళ్లో నీకు తెలిసిపోతుంది, అల్లుడికి తెలియకపోయినా.

వాళ్లు చేసే పనుల్లో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఒకటే. 2002 నుంచీ వెతకడానికి వెళ్లిన చోట చెత్త ఏరుకొచ్చే అలవాటు పెట్టుకున్నారు. కార్తీక పౌర్ణమి మర్నాడు ఘాట్ దగ్గర అరటి దొప్పలు, ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు సంచులకెత్తుతుంటే నేనూ చేతికి గ్లౌజులు వేసుకుని వెళ్తాను. ఇంట్లో చెత్తబుట్ట బయట పెట్టమంటే నడుం నొప్పి అనే మనిషి అక్కడ గంటలకొద్దీ వంగుతారు. ఏం చేస్తాం.

వంటింటి డబ్బాలు దాచుకో. ఇది హాస్యానికి అనడం లేదు. మూత బాగా బిగుతుగా ఉండేవి ఒక్కొక్కటే మాయమవుతాయి. మా ఇంట్లో ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కడిగి తీసుకెళ్లారు. ఎంత తోమినా ఆ వాసన పోతుందా? వారం తిరక్కుండా మూత కొరికేసి, కాగితం చీల్చేసి ఉంది, కోతో కుక్కో. కొత్త డబ్బా కొనుక్కోమను, చెప్పుల అట్టపెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి ఇవ్వు, అవి తేమ లాగుతాయి.

డబ్బు సంగతి పెద్దది కాదు. యాప్ ఊరికే వస్తుంది, చందా కడితే ఎక్కువ డబ్బాలు కనపడతాయి. అసలు ఖర్చు పెట్రోలు. అది ఇంటి లెక్కలో రాయి, విడిగా, తనకి కనపడేలా. అమెరికా నుంచి ఎవరైనా శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం తెచ్చిస్తానంటే మాత్రం వద్దనాలి. అనుమతి లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీయుల్నే విమానాశ్రయాల్లో పట్టుకున్నారు.

ఆదివారాల గురించి నా మాట విను. అన్నీ వదులుకోమనకు, దొంగచాటుగా వెళ్తాడు. రెండు తనవి, రెండు ఇంటివి అని క్యాలెండర్ మీద ఇప్పుడే గీసెయ్యి. తనవైన రోజున పదిసార్లు ఫోన్ చేసి ఎక్కడున్నావని అడక్కు. వెళ్లే చోటు రాసి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్లమను, చీకటి పడకముందు ఇంట్లో ఉండాలి. ఇంటివైన రోజున ఫోన్ నీ దగ్గర ఉండాలి, "దారిలోనే ఒకటి ఉంది, అయిదు నిమిషాలు" అన్న మాట వినపడకూడదు. ఆ అయిదు నిమిషాలు ఎప్పుడూ అయిదు కావు, నా మాట నమ్ము.

ఈ ఉత్తరం అల్లుడికి చూపించినా పర్వాలేదు. కొండవీడు పేరా దగ్గర గొణిగితే నాకు ఫోన్ చేయమను. సాయంత్రం ఏడు దాటాక అయితే నేను ఖాళీ. అత్తగారికి నమస్కారాలు చెప్పు, మాగాయ మీవాళ్లెవరైనా ఇటు వస్తే పంపిస్తాను, సీసాలో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ