పాత ప్లాటర్ ఫైళ్లు, పాత ఈపీఎస్‌లు: పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా షాపులో 90ల నాటి మెషీన్ డ్రాయింగులు పీఎల్‌టీ ఫైళ్లుగా (పెన్నుతో గీసే ప్లాటర్ యంత్రానికి ఇచ్చేవి) ఉన్నాయి, అన్నీ ఏ1 సైజు. ప్లాటర్ ఫైళ్లను మార్చే హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్ ప్రోగ్రాంతో ఈపీఎస్ (ముద్రణకు వాడే ఫైలు) చేసి, దాన్ని పిక్సెళ్ల బొమ్మగా మార్చే గోస్ట్‌స్క్రిప్ట్‌తో తెలుపు-నలుపు టిఫ్ బొమ్మగా మారిస్తే జానెడు బొమ్మ వచ్చింది. పైగా కొన్ని గీతలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. ఎందుకని?

జ: దారి సరైనదే, తప్పు సెట్టింగుల్లో ఉంది. ముందు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎస్‌పీ1, పీయూ, పీడీ లాంటి అక్షరాలు, వాటి పక్కన అంకెలు కనిపిస్తే అది హెచ్‌పీజీఎల్, అంటే ప్లాటర్ల భాష. ‘ఒకటో పెన్ను తీసుకో, పైకెత్తు, ఆనించి ఇక్కడిదాకా గీయి’ అని ప్లాటర్‌కు చెప్పే మాటలే అవి. మిల్లీమీటరుకు 40 యూనిట్లు. అంటే కొలత ఫైల్లోనే ఉంది, దాన్ని మనం పాడుచేయకుండా ఉంటే చాలు.

హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్ తనంతట తాను దేన్నైనా 200 మి.మీ. లోపల ఇమిడ్చేస్తుంది. మీ జానెడు బొమ్మ అక్కడ పుట్టిందే. ఆదేశంలో మైనస్ టీ (-t) ఇస్తే అసలు కొలత నిలుస్తుంది.

చుక్కలకు కారణం రంగు పెన్నులు. ఎరుపు, పసుపు గీతల్ని తెలుపు-నలుపులో చూపాలంటే గోస్ట్‌స్క్రిప్ట్ వాటిని చుక్కలుగా విడగొడుతుంది. హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్ ఆదేశంలో మైనస్ సీ (-c) పక్కన ఎన్ని పెన్నులుంటే అన్ని ఒకట్లు ఇవ్వండి, ఒకటి అంటే నలుపు. దీన్ని వదిలేస్తే ఫైలు కూడా ఉబ్బుతుంది: టిఫ్ సైజు తగ్గించే గ్రూప్ 4 కుదింపు ప్రతి వరసనూ పై వరసతో పోల్చి తేడా మాత్రమే రాసుకుంటుంది. చెదిరిన చుక్కల్లో ఏ వరసా పైదానితో కలవదు.

గోస్ట్‌స్క్రిప్ట్‌లో డివైస్ టిఫ్‌జీ4 (గ్రూప్ 4 టిఫ్), రిజల్యూషన్ 400 (అంగుళానికి పిక్సెళ్లు), పేజీని బొమ్మ సైజుకే పెట్టే ఈపీఎస్‌క్రాప్ తప్పనిసరి. క్రాప్ మరిచిపోతే చిన్న పేజీ తీసుకుని మిగతా డ్రాయింగును కోసేస్తుంది. 200 చాలదా అంటే, 0.18 మి.మీ. గీత అక్కడ ఒకటిన్నర పిక్సెల్ కూడా రాదు. ఒక గీత సన్నగా, పక్కది లావుగా పడుతుంది. 400లో దాదాపు మూడు పిక్సెళ్లు వస్తాయి. ఏ1 బొమ్మ అప్పుడు 9354 × 13244 పిక్సెళ్లు, కుదించకపోతే సుమారు 15 మెగాబైట్లు. గీతలే ఉన్న డ్రాయింగుకు గ్రూప్ 4 తర్వాత అందులో చిన్న వంతే మిగులుతుంది.

చివరగా, 100 మి.మీ. అని రాసి ఉన్న కొలత గీతను టిఫ్‌లో కొలవండి (డ్రాయింగు 1:1 స్కేలులో ఉంటేనే). 1575 పిక్సెళ్లు రావాలి. రాకపోతే ఆ బ్యాచ్ అంతా మళ్లీ చేయాల్సిందే.

ప్ర: ప్రెస్సులోని పాత ఈపీఎస్‌లను ఇలాగే మారిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి.

జ: యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని పెట్టుకునేవి. ఈపీఎస్‌లో ఫాంటు పొదగకపోతే గోస్ట్‌స్క్రిప్ట్ తన దగ్గరున్న మరో ఫాంటు వేసేస్తుంది. అదే ఫాంటు ఉన్న ఫోల్డరును గోస్ట్‌స్క్రిప్ట్‌కు ఫాంట్‌పాత్‌గా (ఫాంట్లు వెతికే చోటుగా) ఇచ్చి చూడండి. కుదరకపోతే ఆ ఫాంటు ఉన్న పాత కంప్యూటర్లో అసలు ఫైలు తెరిచి, అక్షరాల్ని కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చి మళ్లీ ఎగుమతి చేయడమే మార్గం. ఇక్కడ రిజల్యూషన్ 600 పెట్టండి. తక్కువైతే చిన్న అక్షరాల్లో గుడిదీర్ఘం చుట్ట పూడుకుపోయి ‘కీ’ కాస్తా ‘కి’ అవుతుంది.

ప్ర: టిఫ్ ఒక వ్యూయర్‌లో నల్లటి నేపథ్యం మీద తెల్ల గీతలుగా కనిపిస్తోంది.

జ: సున్నా అంటే తెలుపా, నలుపా అని టిఫ్‌లోని 262వ ట్యాగు (ఫైలు లోపలి వివరం) చెబుతుంది. ఆ వ్యూయర్ దాన్ని పట్టించుకోవడం లేదు. ఫైలు జోలికి వెళ్లకండి, వ్యూయర్‌ను మార్చండి.